బోటు కంపెనీవాళ్ళు మన మాట వింటారంటే ముందు ఏం అడుగుతారు?

లంగరు_లక్ష్మణ్:
అందరికీ నమస్కారం. సరదాకి బోటు పెట్టుకున్నవాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం కదా, బోటు డిజైన్ చేసేవాళ్ళు ఎదురుగా కూర్చుని మీకేం కావాలో చెప్పండి అంటే ఏం చెప్తారు? నాకైతే కొత్త స్పీకర్లు వద్దు, కప్పు పెట్టుకునే గుంటల్లో రంగు లైట్లు వద్దు. పాడయ్యే ప్రతి వస్తువు దగ్గరికి నా చెయ్యి వెళ్ళాలి, చేతిలో ఉన్న స్పానర్ తిరగడానికి చోటుండాలి, అంతే.

ఇంపెల్లర్ సంగతే తీసుకోండి. ఇంజన్ చల్లబడటానికి బయట నీళ్ళు లాగే పంపులో ఉండే రబ్బరు చక్రం, ఏటా చూసుకుని మార్చాల్సిన వస్తువు. నా బోటులో ఆ పంపు మూత బల్క్‌హెడ్ (బోటు లోపలి అడ్డగోడ) వైపు తిరిగి ఉంది, మధ్యలో అరచెయ్యి పట్టేంత సందు. బోర్లా పడుకుని కంటికి కనపడని చిన్న స్క్రూలు వేళ్ళతో తడుముకుంటూ ఒక్కొక్కటీ తియ్యాలి, చెయ్యి జారి ఒకటి పడిందా బిల్జ్‌లోకి, అంటే నీళ్ళు చేరే బోటు అట్టడుగుకి పోతుంది ఇక దొరకదు. అదే బల్క్‌హెడ్‌లో చిన్న తలుపు పెట్టి ఉంటే అవతలి వైపు కూర్చుని హాయిగా చేసుకునే పని. ఈ తలుపు పెట్టడానికి కంపెనీకి అయ్యే ఖర్చెంత చెప్పండి. మీ లిస్టులో మొదటిది ఏంటో రాయండి.

బిల్జ్‌బాబు:
అన్నా నూటికి నూరుపాళ్ళు. నేనైతే ముందు పెట్రోల్ ట్యాంకు గురించి అడుగుతా. డెక్ (మనం నిలబడే పైభాగం) కింద అల్యూమినియం ట్యాంకు పెట్టి చుట్టూ ఫోమ్ పోసేస్తారు, ట్యాంకు కదలదు చప్పుడు రాదు అని. కానీ ఫోమ్‌కీ లోహానికీ మధ్యలో ఎక్కడో ఒకచోట నీళ్ళు చేరతాయి, చేరినవి బయటికి పోవు ఆరవు. అల్యూమినియానికి గాలి తగిలితే పైన సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడి అదే దాన్ని కాపాడుతుంది, గాలి అందకుండా తడిగా ఉండిపోతే ఆ పొర నిలవదు, చిన్న చిన్న గుంటలు పడి చివరికి చిల్లు పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు, ఒకరోజు బిల్జ్ తెరిస్తే పెట్రోల్ వాసన.

అప్పుడు ట్యాంకు మార్చాలంటే? డెక్ కోయాలి. మంచిగా ఉన్న ఫైబర్‌గ్లాస్ డెక్‌ని కట్టర్‌తో కోసి ట్యాంకు బయటికి లాగి మళ్ళీ అతికి ఫినిష్ చేయించాలి, ట్యాంకు ఖర్చు కన్నా ఈ కోత ఖర్చే ఎక్కువ. ట్యాంకు పైన బోల్టులతో బిగించే పెద్ద హ్యాచ్, అంటే తీసి పెట్టే మూత పెట్టి, ట్యాంకు కింద రబ్బరు పట్టీలు వేసి చుట్టూ గాలి ఆడేలా, నీళ్ళు జారిపోయేలా పెడితే ఈ బాధే లేదు.

తెడ్డు_తేజ:
నేను ఇంకా బోటు కొనలేదు, కొందామని చూస్తున్నా. ఒక డౌట్, డెక్ మీద అంత పెద్ద హ్యాచ్ పెడితే అక్కడినుంచే నీళ్ళు కారవా? బహుశా అందుకే పెట్టరేమో?

యార్డు_మనిషి:
తేజ గారూ మంచి ప్రశ్న. సరిగ్గా పెడితే కారవు, అంచు చుట్టూ కాలువ లాగా గాడి పెట్టి దానికి డ్రైన్ పైపు ఇస్తే పైన పడ్డ నీళ్ళు ఆ గాడిలోంచి బయటికే పోతాయి. ఇది తెలియని విద్య కాదు, చేసేవాళ్ళు చేస్తున్నారు.

నేను రిపేర్ యార్డులో పనిచేస్తానండి కాబట్టి అసలు సంగతి నా వైపునుంచి చెప్తాను. బోటు తయారయ్యేటప్పుడు హల్ (నీళ్ళలో ఉండే కింది భాగం) ఒక అచ్చులో, డెక్ ఇంకో అచ్చులో విడివిడిగా వస్తాయి. హల్ పైన మూత లేకుండా తెరిచి ఉన్నప్పుడే ట్యాంకులు, హోసులు, వైర్లు, పంపులు అన్నీ పెట్టేస్తారు. ఆ టైములో అన్నిటికీ చెయ్యి అందుతుంది, నిలబడి పనిచేసుకోవచ్చు. తర్వాత క్రేన్‌తో డెక్ తెచ్చి పైన కూర్చోబెట్టి అతికేస్తారు. అంతే, అప్పటిదాకా ఒక్క నిమిషంలో అందిన హోస్ క్లాంప్ ఇప్పుడు ఇక ఎవరికీ అందదు. ఫ్యాక్టరీలో పెట్టినవాడు మూత పడ్డాక దాన్ని మళ్ళీ చూడడు. చూసేది మేమూ మీరూ, ఐదేళ్ళకో పదేళ్ళకో.

అందుకే నా కోరిక ఒకటే. కొత్త మోడల్ మొదటి బోటు పూర్తయ్యాక, డిజైన్ చేసిన ఇంజనీరు చేతికి టూల్ బాక్స్ ఇచ్చి బిల్జ్ పంపు, ఇంపెల్లర్, షాఫ్ట్ సీల్, స్టీరింగ్ కేబుల్, వేస్ట్ ట్యాంకు హోస్ తనే మార్చి చూపించాలి. ఎక్కడ చెయ్యి పోకపోతే అక్కడ అచ్చు మార్చాలి. అమ్మకానికి పెట్టకముందే ఇది జరగాలి.

లంగరు_లక్ష్మణ్:
యార్డు మనిషి గారూ ఇది అద్భుతం. ఈ ఒక్క పని చేసిన కంపెనీ బోటు నేను కళ్ళు మూసుకుని కొంటా.

చుక్కాని_సుజాత:
నాది వైరింగ్. తుప్పు పట్టని టిన్ పూత రాగి తీగ వెయ్యండి, మామూలు రాగి తీగ అయితే తడి గాలికి ఇన్సులేషన్ లోపల లోపలే నల్లబడిపోతుంది, బయటికి మాత్రం కొత్తగా కనిపిస్తుంది. రెండోది, ప్రతి తీగకీ రెండు కొసలా లేబుల్ ఉండాలి. మూడోది, నా బోటుకి నిజంగా వేసిన వైరింగ్ బొమ్మ ఇవ్వాలి. మాన్యువల్లో ఉండేది ఆ మోడల్ మొత్తానికి గీసిన ఒకే బొమ్మ, మధ్యలో ఎన్నిసార్లు మార్చారో దాంట్లో ఉండదు.

నా బోటులో నావిగేషన్ లైట్ వెలగకపోతే తీగ వెంట వెళ్ళాను, ప్యానెల్ వెనక ఒకే రంగు తీగలు గుత్తులు గుత్తులుగా, ఒక్కదానికీ పేరు లేదు. మీటర్ పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే చివరికి ముందు కొసన, లంగరు గొలుసు పెట్టే పెట్టెలో, మామూలు ఇళ్ళల్లో వాడే కనెక్టర్ దొరికింది, పచ్చగా చిలుము పట్టి, పట్టుకోగానే విరిగి చేతిలోకి వచ్చింది. బోటులో అన్నిటికన్నా తడిగా ఉండే చోటు అదే! ఆ అతుకు వేడి చేస్తే బిగుసుకునే జిగురు స్లీవ్‌తో వేసి ఉంటే ఏళ్ళ తరబడి ఉండేది.

అమెరికాలో ఏబీవైసీ అని బోటు ప్రమాణాలు రాసే సంస్థ ఉంది, వాళ్ళ పద్ధతిలో డీసీ (బ్యాటరీ కరెంటు) నెగటివ్‌కి పసుపు రంగు తీగ కూడా వాడొచ్చు, ఎందుకంటే అక్కడ ఏసీ వైరింగ్‌లో, అంటే ఇళ్ళల్లో వచ్చేలాంటి కరెంటులో, కరెంటు ఉండే తీగ నల్లగా ఉంటుంది, రెండూ నలుపే అయితే ఒకటనుకుని ఇంకోటి పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎంత చిన్న విషయమో చూడండి, రంగు ఒక్కటి మారిస్తే చాలు. ఇలాంటి ఆలోచన బోటు మొత్తంలో ఉండాలి అంటాను.

ఇంకొకటి, తీగలు పోయే గొట్టాల్లో ఒక ఖాళీ తాడు వదిలేయండి, రేపు కొత్త తీగ లాగడానికి పనికొస్తుంది.

గాలివాలు:
సుజాత గారి ఖాళీ తాడుకి నా రెండు చేతులా ఓటు 🙏

టెక్కు_నావికుడు:
నేను కొంచెం వేరేగా చెప్తా, అందరూ పాత పద్ధతే మంచిది అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు డిజిటల్ స్విచింగ్ ఇష్టం. లైట్లు, పంపులు, ఫ్యాన్లు అన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి, బ్యాటరీ ఎంతుందో, బిల్జ్ పంపు ఎన్నిసార్లు తిరిగిందో ఫోన్‌లో ఇంటినుంచే తెలుస్తుంది. పంపు మామూలు కన్నా ఎక్కువసార్లు తిరుగుతోంది అంటే ఎక్కడో నీళ్ళు వస్తున్నాయని ముందే తెలిసిపోతుంది, బోటు కట్టేసి వెళ్ళిపోయేవాళ్ళకి ఇది ఎంత ధైర్యం. తీగలు కూడా తగ్గుతాయి.

చుక్కాని_సుజాత:
సమాచారం కోసం స్క్రీన్ పెట్టండి బాబూ నేను వద్దనట్లేదు. కానీ బిల్జ్ పంపు, హారన్, నావిగేషన్ లైట్లు, ఇంజన్ ఆపే స్విచ్, ఈ నాలుగూ చేత్తో నొక్కే మామూలు స్విచ్చులే ఉండాలి. అల కొట్టి చేతులు తడిసి, బోటు ఎగిరెగిరి పడుతుంటే టచ్ స్క్రీన్ మీద మూడు మెనూలు దాటి పంపు ఆన్ చెయ్యమంటే ఎలా?

యార్డు_మనిషి:
ఇది మన చిన్న బోట్ల గొడవే కాదండి. 2017లో అమెరికా నేవీ యుద్ధనౌక జాన్ ఎస్ మెకెయిన్ సింగపూర్ దగ్గర ఆయిల్ ట్యాంకర్‌ని గుద్దుకుంది, 10 మంది నావికులు చనిపోయారు. విచారణలో ట్రైనింగ్ లోపాలతో పాటు ఆ టచ్ స్క్రీన్ కంట్రోల్స్ గందరగోళం కూడా కారణాల్లో వచ్చింది, స్టీరింగ్ ఏ స్టేషన్ చేతిలో ఉందో మనుషులకి తెలియలేదు. 2019లో నేవీ ఆ రకం నౌకల్లో మళ్ళీ చేత్తో పట్టుకునే థ్రాటిల్స్ (వేగం మార్చే మీటలు) పెడతామని చెప్పింది. రోజూ అదే పని చేసే సిబ్బందికే అంత కష్టమైతే సెలవురోజుల్లో నడిపే మనకి ఎంత జాగ్రత్త కావాలి.

టెక్కు_నావికుడు:
ఆ నాలుగు స్విచ్చుల విషయంలో ఒప్పుకుంటా అక్కా. నా అసలు ఫిర్యాదు వేరే, ఈ డిజిటల్ మాడ్యూళ్ళు ఎవరివి వాళ్ళకే పనిచేస్తాయి. బోటు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి ఎన్‌ఎంఈఏ 2000 చూడండి, ఒకే కేబుల్ మీద ఒక కంపెనీ జీపీఎస్, ఇంకో కంపెనీ లోతు చూపే సెన్సర్, మూడో కంపెనీ ఇంజన్, అన్నిటి లెక్కలూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి, నచ్చింది కొనుక్కుని తగిలించడమే. స్విచింగ్‌లో కూడా అలా రావాలి. మాడ్యూల్ కాలిపోతే ఆ కంపెనీ వాడే దిక్కు, వాడు ఆ మోడల్ ఆపేస్తే మొత్తం బోటు వైరింగ్ మార్చుకోవాలంటే ఎవరు భరిస్తారు. మాడ్యూల్ పోయినా ఫ్యూజు మార్చి నేరుగా కరెంటు ఇచ్చుకునే దారి కూడా ఉండాలి, కొన్నిటికి ఉంది, అన్నిటికీ ఉండాలి.

ట్రెయిలర్_ప్రసాద్:
ఇంతకీ బరువు గురించి ఎవరూ అనలేదేం? నేను బోటు ట్రెయిలర్ మీద లాక్కెళ్ళేవాణ్ణి, నాకు బ్రోచర్లో రాసే బరువు చూస్తే కోపం వస్తుంది. డ్రై వెయిట్ అని రాస్తారు, చాలాసార్లు అందులో ఇంజన్ ఉండదు, పెట్రోల్ ఉండదు, నీళ్ళు బ్యాటరీలు లంగరు గొలుసు ఏవీ ఉండవు. 300 లీటర్ల ట్యాంకు నిండితే పెట్రోలే సుమారు 220 కిలోలు, 100 లీటర్ల నీళ్ళు 100 కిలోలు, ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే) ఇంజన్ సైజుని బట్టి రెండు మూడు వందల కిలోలు, సామాను, ట్రెయిలర్ సొంత బరువు, అన్నీ కూడితే కారు లాగగలిగిన దానికన్నా ఎక్కువైపోతుంది. ఎత్తు దిగేటప్పుడు బ్రేకుల మీద ఎంత భారమో కొన్నవాడికి ఎవరూ చెప్పరు.

నాకు కావాల్సింది ఒక్క అంకె. ఇంజన్ బిగించి, ట్యాంకులు నింపి, మామూలు సామానుతో ట్రెయిలర్ మీద పెట్టి తూకం వేసి ఆ బరువు పెద్ద అక్షరాల్లో రాయండి. స్పీడు కూడా అంతే, ఒక్క మనిషితో కొంచెం పెట్రోల్‌తో పరిగెత్తించి టాప్ స్పీడు రాస్తే మాకేం లాభం, కుటుంబం మొత్తం ఎక్కాక ఎంత వెళ్తుంది, గంటకి ఎంత తాగుతుంది అది రాయండి.

బిల్జ్‌బాబు:
ప్రసాద్ అన్నా అదే వరసలో బిల్జ్ పంపు. డబ్బా మీద రాసిన లీటర్లు పైపు ఎత్తకుండా నేరుగా వదిలినప్పటి లెక్క. బోటులో నీళ్ళు మీటరు దాకా పైకి ఎక్కాలి, మలుపులు తిరగాలి, లోపల ముడతలున్న చవక హోస్‌లోంచి రావాలి, వచ్చేసరికి చాలా తగ్గిపోతుంది. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే లెక్క ప్రకారం నిమిషానికి 70 లీటర్ల దాకా లోపలికి రావచ్చు. ఇప్పుడు ఫ్యాక్టరీలో పెట్టే బుల్లి పంపు పక్కన పెట్టి చూడండి. పెద్ద పంపు, లోపల నున్నగా ఉండే హోస్, నీళ్ళు ఎక్కువైతే మోగే అలారం, ఈ మూడూ ఆప్షన్ లిస్టులో కాదు బోటుతో పాటే రావాలి.

తెడ్డు_తేజ:
ఇంకో డౌట్ అండి. నేను చూసిన బోటు ప్లేటు మీద సీ (C) అని ఇంగ్లీషు అక్షరం ఉంది, అమ్మేవాళ్ళు సముద్రంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు అంటున్నారు. నిజమేనా?

గాలివాలు:
తమ్ముడూ వద్దు. అది యూరప్ వాళ్ళ డిజైన్ కేటగిరీ, 2013లో వచ్చిన డైరెక్టివ్‌లో ఉంది. ఏ (A) అంటే గాలి బలం కొలిచే బోఫోర్ట్ స్కేల్లో 8 దాటినా, అలల ఎత్తు 4 మీటర్లు దాటినా తట్టుకునేలా కట్టింది. బీ అంటే గాలి 8 వరకు, అలలు 4 మీటర్ల వరకు. సీ అంటే గాలి 6 వరకు, అలలు 2 మీటర్ల వరకు. డీ అంటే గాలి 4 వరకు, అలలు 30 సెంటీమీటర్ల వరకు, అప్పుడప్పుడు అర మీటరు. సీ బోటు తీరం వెంట, పెద్ద చెరువుల్లో, నదుల్లో వాడుకోవడానికి. అది కూడా ఆ ప్లేటు మీద రాసిన మనుషుల లెక్క, బరువు లెక్క దాటనప్పుడే.

ఇదే కంపెనీలకి నా కోరిక కూడా. ఒక్క అక్షరం ముద్రించి వదిలెయ్యకుండా దాని కిందే గాలి ఎంత అల ఎంత అని మామూలు మాటల్లో రాయండి, కొత్తవాళ్ళకి అది చదివితే అర్థం కావాలి.

అలల_అరుణ:
నేను చాలా రోజులుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నాకు అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళలో పడ్డ మనిషి తిరిగి పైకి ఎక్కగలగడం. మా బోటుకి నిచ్చెన ఉంది, కానీ రెండే మెట్లు, పైగా అది డెక్ మీద క్లిప్‌తో బిగించి ఉంటుంది, నీళ్ళలో ఉన్నవాళ్ళకి అందదు. పైన ఎవరైనా ఉండి దించితేనే. ఒక్కరే ఉండి పడితే? మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఈతకి దిగాలని ఆమెకి ఎంతో ఇష్టం, రెండు మెట్ల నిచ్చెన మీద మోకాలు గుండెల దాకా ఎత్తి ఎక్కమంటే ఆమె వల్ల కాదు, అందుకే దిగడమే మానేసింది. ఏబీవైసీ లెక్కలో నిచ్చెన చివరి మెట్టు నీటికి 22 అంగుళాల కిందికి ఉండాలి, యూరప్ ప్రమాణాల్లో అయితే నీళ్ళలో ఉన్న మనిషి తనంతట తానే దించుకోగలగాలి. ఈ రెండూ కలిపి, వెడల్పు మెట్లు, పైన గట్టిగా పట్టుకునే హ్యాండిల్ ఇవ్వండి. పెద్ద ఖర్చు కాదు కదా.

లంగరు_లక్ష్మణ్:
అరుణ గారూ మీరు ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదండీ, ఇది నా లిస్టులో ఇంపెల్లర్ కన్నా పైకి వెళ్ళింది.

యార్డు_మనిషి:
అరుణ గారి మాటకి తోడు, క్లీట్లు. తాడు కట్టే క్లీట్ చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది, కింద మాత్రం వాషర్లు తప్ప ఏమీ ఉండదు. గాలివానలో బోటు తాడుని గుంజుతుంటే ఆ భారం మొత్తం బోల్టు చుట్టూ ఉన్న కొంచెం ఫైబర్‌గ్లాస్ మీదే పడుతుంది. కింద వెడల్పు బ్యాకింగ్ ప్లేటు వేసి, బోల్టు పోయే చోట డెక్ లోపలున్న బాల్సా చెక్కని తీసేసి ఎపాక్సీ నింపి అప్పుడు రంధ్రం వెయ్యాలి. లేకపోతే బోల్టు పక్కనుంచి నీళ్ళు చెక్కలోకి దిగి కుళ్ళిపోతుంది, కాలు పెడితే డెక్ మెత్తగా దిగుతుంది. నా దగ్గరికి వచ్చే మెత్తటి డెక్కుల్లో చాలావాటికి మూలం ఇలాంటి ఒక్క బోల్టు రంధ్రమే.

ఇంకా హల్‌కి నీటి కింద ఉండే సీకాక్‌లు, అంటే బయటి నీళ్ళని ఆపే వాల్వులు. మామూలు ఇత్తడివి పెట్టకండి. సముద్రపు నీళ్ళలో ఇత్తడిలోని జింక్ కొద్దికొద్దిగా పోతుంది, మిగిలేది గులాబీ రంగులో గుల్లగా ఉండే రాగి, చేత్తో తిప్పితే విరిగిపోతుంది. కాంస్యం గానీ, జింక్ పోకుండా చేసిన ఇత్తడి గానీ, గట్టి నైలాన్‌వి గానీ పెట్టండి. విరిగితే బోటే మునిగే వస్తువు దగ్గర ఆదా చెయ్యొద్దు.

చిన్నపడవ_శీను:
అందరూ పెద్ద బోట్ల గురించే మాట్లాడుతున్నారన్నా, మాలాంటి చిన్న బోటోళ్ళ సంగతి కూడా చూడుండ్రి. మాకు గావాల్సింది సాదా బోటు, కడిగితే శుభ్రమయ్యేది, మునగనిది. 1958లో మొదలైన బోస్టన్ వేలర్ అనే బోటు కంపెనీ వాళ్ళు ఫోమ్ నింపిన బోటుని నీళ్ళల్ల పెట్టి రంపంతో సగానికి కోసి, సగం బోటు మీద కూసుని పోయిన ఫోటో 1961లో లైఫ్ మ్యాగజైన్ల వచ్చింది. అమెరికాల ఇప్పుడు 20 అడుగుల లోపు మోటార్ బోట్లు చాలావాటికి నీళ్ళు నిండినా తేలాలని రూలే ఉంది. ఆ రూలు లేని చోట అమ్మే చిన్న బోట్లకి గూడ అట్లనే చెయ్యాలె. పిల్లలతోని పోతం గదా, నీళ్ళు నిండితే కనీసం పట్టుకుని ఉండనీకి బోటు మిగలాలె.

ఇంకోటి, సీట్లు. రెండు ఎండాకాలాలకే కుట్లు ఊడుతున్నయ్. ఎండకు తట్టుకునే దారంతో కుట్టుండ్రి, గంతే.

టెక్కు_నావికుడు:
శీను అన్నా నీలాంటి చిన్న బోటుకి కరెంట్ మోటారు బాగా సరిపోతుంది, నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి అయితే మరీను. చప్పుడు లేదు పొగ లేదు. వేగంగా పోవాలంటే మాత్రం కష్టం, కిలో పెట్రోల్లో సుమారు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటే కిలో లిథియం ప్యాక్‌లో అందులో యాభయ్యో వంతు కూడా కష్టమే, మోటారు శక్తిని వృథా చెయ్యదు కాబట్టి కొంత కలిసొస్తుంది గానీ పూర్తిగా పూడదు. కంపెనీలు దూరం చెప్పేటప్పుడు ఏ స్పీడులో ఎంత దూరం అని పట్టిక ఇవ్వాలి. బ్యాటరీ కూడా డెక్ కోయకుండా మార్చేలా పెట్టాలి, మళ్ళీ పెట్రోల్ ట్యాంకు కథ వద్దు.

పాతబోటు_పద్మ:
మేము కొన్నది సెకండ్ హ్యాండ్ బోటు, కాబట్టి నా మాట పార్టుల గురించి. హ్యాచ్ మూత తాళం విరిగింది. చిన్నది, ప్లాస్టిక్‌ది, మీద ఏ పేరూ నంబరూ లేవు. బోటు కంపెనీని అడిగితే మాది కాదు బయటనుంచి కొన్నాం అన్నారు, ఎక్కడ కొన్నారంటే డీలర్‌ని అడగమన్నారు, డీలర్ బోటు కంపెనీని అడగమన్నారు. చివరికి మూత మొత్తం మార్చాల్సి వచ్చింది.

1972 నుంచీ అమెరికాలో అమ్మే ప్రతి బోటుకీ హల్ మీద 12 అక్షరాల నంబరు ఉంటుంది, మొదటి మూడు అక్షరాలు తయారీదారువి. ఆ నంబరు కొడితే నా బోటులో ఏ పంపు, ఏ తాళం, ఏ హోస్ ఎంత సైజు అన్నీ జాబితాగా రావాలి. కార్లకి ఛాసిస్ నంబరుతో ఎప్పటినుంచో ఉన్నదే. ఇంజన్ వారంటీ ఇంజన్ కంపెనీది, ట్రెయిలర్ వారంటీ ఇంకొకరిది, ఎలక్ట్రానిక్స్ మరొకరిది అని తిప్పడం కూడా ఆపి, మొత్తానికి ఒక్క మనిషి ఫోన్ ఎత్తేలా చెయ్యండి. రెండో యజమానిని కూడా యజమానిలాగే చూడండి.

తెడ్డు_తేజ:
ఇవన్నీ చదివాక కొనే ముందు ఏం చూడాలో కొంచెం తెలిసింది. ఈ వారం ఒక బోటు చూడ్డానికి వెళ్తున్నా. యార్డు మనిషి గారూ మీరైతే షోరూములో ఏం చేస్తారు?

యార్డు_మనిషి:
టార్చ్ లైటు, చిన్న అద్దం తీసుకెళ్ళండి. ప్రతి సీకాక్ మీ చేత్తో మూసి తెరవండి, చెయ్యి అందకపోతే రాసుకోండి. క్లీట్ కింద అద్దం పెట్టి ప్లేటు ఉందో వాషరే ఉందో చూడండి. ప్యానెల్ వెనక తెరవమనండి, లేబుళ్ళు ఉన్నాయా చూడండి. నిచ్చెన నేల మీదే కింద నిలబడి మీరే దించండి.

తెడ్డు_తేజ:
డీలర్‌కి ఫోన్ చేశా, ట్యాంకు పైన హ్యాచ్ ఉందన్నారు. అంటే ఓకే కదా?

బిల్జ్‌బాబు:
ఉందంటే సరిపోదు తమ్ముడూ, టేపు పెట్టి కొలు. చాలా బోట్లలో పెట్రోల్ గేజ్ సెండర్ (ట్యాంకులో ఎంతుందో కొలిచే భాగం) దగ్గరికి వెళ్ళే చిన్న గుండ్రటి మూత చూపించి అదే హ్యాచ్ అంటారు, దాంట్లోంచి చెయ్యి దూరుతుంది గానీ ట్యాంకు రాదు. ట్యాంకు పొడవు వెడల్పు మాన్యువల్లో ఉంటాయి, హ్యాచ్ దానికన్నా పెద్దదై ఉండాలి, పైన సీటు గానీ స్టీరింగ్ ఉండే కన్సోల్ గానీ అడ్డం ఉండకూడదు. అడ్డం ఉంటే అది బోల్టులతో ఊడుతుందా లేక అతికేశారా అని కూడా అడుగు. కొలతలు ఇక్కడ పెట్టు, అందరం కలిసి చూద్దాం.